కొత్తవాడలో విప్పిన ముడులు

పదవీ విరమణ చేశాక నాకు మిగిలిన అధికారం ఒక్కటే: టైం టేబుల్ రాయడం. విదేశాల నుంచి సేవా యాత్రకు వచ్చే కళాశాల విద్యార్థులను పన్నెండు రోజులు వరంగల్‌లో కనిపెట్టుకొని ఉండమని తెలిసినవారు అడిగినప్పుడు, నేను ముందుగా తీసింది స్కేలూ తెల్లకాగితమూ.

ఇది మూడో బృందం. మొదటి రెండు బృందాలవారూ వచ్చి, బడి గోడలకు రంగులు వేసి, పిల్లలతో ఫొటోలు దిగి వెళ్లారు. రెండు బృందాలూ రంగు వేసింది ఒకే గోడకు. అది చూసినప్పటి నుంచి నాకు ఈ పని మీద ఉత్సాహం తగ్గింది. అయినా ఒప్పుకొన్న పనిని మధ్యలో వదలడం నాకు చేతకాదు. ఈసారి వచ్చిన ఆరుగురినీ గోడల జోలికి పోనివ్వకుండా కొత్తవాడలో దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేసే ఒకామె మగ్గం ఇంటికి తీసుకువెళ్లాను.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. భర్తకు చూపు మందగించింది. నూలు చుట్టిపెట్టడం వరకే ఆయన పని. హన్మకొండ వ్యాపారి ఒకాయన పాలకుర్తి గుట్ట కింది సత్రం కోసం ఆమెకు ఎనిమిది పొడుగాటి దర్రీలు చెప్పాడు. ఎనిమిదింటి అంచూ ఒకే తీరున ఉండాలి. తేడా వస్తే మిగిలినవి తీసుకోనని, ఇకమీదట పని కూడా ఇవ్వనని తేల్చి చెప్పాడు. నాలుగు నేసి పంపించింది. ఐదోదానికి పడుగు ఎక్కించి ఉంది కాని, నేత మొదలు కాలేదు.

ఆరో రోజు పట్టికలో నేను 'శుభ్రత' అని రాశాను. ఆ ఉదయం ఆమె భర్తను కంటి దవాఖానకు తీసుకుపోతూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుని పనులు పంచాను. బూజు దులిపారు, గుంట మగ్గం చుట్టూ ఊడ్చారు, నూలు కట్టలను రంగుల వారీగా పేర్చారు. మగ్గం పక్కన మేకుకు జిడ్డు పట్టిన తాడొకటి వేలాడుతోంది. దానికి రంగురంగుల దారపు ముక్కలు, ఒక్కో ముక్కకు వరుసగా ముడులు. ఒక పొడుగాటి అమ్మాయి దాన్ని చూపించి, పారవేయాలా అని అడిగింది. దేన్నీ వృథా చేయరాదని, ముడులు విప్పి ఏ రంగుకు ఆ రంగు ఉండ చుట్టమని చెప్పాను. ఇద్దరు అబ్బాయిలు అరగంట సేపు ఓపికగా విప్పారు. వారిని మెచ్చుకున్నాను కూడా.

మధ్యాహ్నం ఆమె తిరిగి వచ్చింది.

"మంచిగ జేసిండ్లు సార్. ఇల్లు అద్దం లెక్కున్నది" అంది. తరువాత మేకు వైపు చూసింది. "ఈడ తాడుండె గద సార్?"

ఉండలు చూపించాను. ఆమె ఎర్ర ఉండను చేతిలోకి తీసుకొని మగ్గం గుంట అంచున కూర్చుంది.

"అది అంచు సార్" అంది.

ఒక్కో దారపు ముక్క అంచులోని ఒక్కో పట్టీ. దాని మీద ఎన్ని ముడులుంటే ఆ రంగు పేక అన్ని వరుసలు వేయాలి.

"పాతవైతే యాదికుంటయి. గిది సేటు ఫోన్ల జూపిచ్చిన కొత్త అంచు. ఫొటోల రంగులే గనవడ్తయి, వరుసలు లెక్కకు రావు. తిప్పలవడి లెక్కంత కుదిర్చి తాడుకు అప్పజెప్పిన."

గోడకు ఆనుకొని కూర్చున్న భర్త నవ్వాడు. "ముప్పయేండ్ల సంది ఆ జిడ్డు తాళ్లు పారెయ్యే అంటాన్న, ఇనదు. ఆఖరుకు సార్‌తోని అయింది."

"నువ్వు జర నోరుమూస్కో" అంది ఆమె. "పిల్లలనేం అనకుండ్రి సార్. ఆళ్లకేం ఎరుక."

తప్పు నాదేనని పిల్లలకు ఇంగ్లీషులో వెంటనే చెప్పగలిగాను. అదే మాట తెలుగులో ఆమెకు చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

మరునాటి పట్టికను కొట్టివేసి, పొడుగాటి అమ్మాయిని వెంటబెట్టుకొని పాలకుర్తి బస్సు ఎక్కాను. సత్రంలో ఒక కుటుంబం పుట్టువెంట్రుకలు తీయించి భోజనాలకు కూర్చుంది. నాకు కావలసిన నాలుగు దర్రీలూ వారి కిందే ఉన్నాయి. భోజనాలయ్యే దాకా నిలబడ్డాం. విస్తళ్లు ఎత్తినా మనుషులు లేవలేదు. నేను వంగి అంచు మీద వేలు పెట్టాను.

"ఏం బోయింది సార్, ఉంగరమా?" అని ఒక ముసలామె అడిగింది.

"అంచులో వరుసలు లెక్కపెట్టాలమ్మా."

"మమ్ముల గూడ లెక్కవెడ్తరా ఏంది? జరుగుండ్రే, సార్‌కు లెక్క తప్పిందట."

నవ్వుకుంటూ జరిగారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన మాత్రం "నన్ను లేపకు బిడ్డా, కూసున్నకాడికే రాసుకో" అన్నాడు. ఆయన పంచె అంచు పక్కకు తప్పించి, వెలుగు చాలని చోట కళ్లు చికిలించి లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకున్నాను. నా మోకాళ్లూ ఆయనవాటి కంటే మెరుగేమీ కావు.

ఆ అమ్మాయి నిన్నటి ఉండలను సంచిలో తెచ్చుకుంది. నా పక్కనే నేల మీద పడుకున్నంత వంగి, వరుసకొక ముడి వేస్తోంది. రాసుకున్నది చాలు, కాలం వృథా చేయవద్దని కసిరాను. తల ఊపింది, ముడులు వేయడం మాత్రం ఆపలేదు.

సాయంత్రం కొత్తవాడలో నోటు పుస్తకం ఇవ్వబోతే నేతగత్తె తీసుకోలేదు.

"కండ్లు పేక మీదుండాలె సార్, చెయ్యి ముడి మీదుండాలె. కాయితం ఎట్ల పట్టుకుంట? మీరు సదువుండ్రి, నేను ముడేత్త."

పాఠం చెప్పినట్టు చదివాను. ఎరుపు ఆరు. తెలుపు రెండు. నలుపు పది. అలా నడుమ పట్టీ దాటి, రెండో నలుపు దగ్గర తొమ్మిది అన్నాను. ఆమె చెయ్యి ఆగింది.

"ఆ దిక్కు పదైతే ఈ దిక్కు గూడ పదే ఉంటది. అంచుకు రెండు దిక్కులు ఒక్కటే సార్."

"నేను చూసి రాసినదే" అన్నాను.

 ఆమె అమ్మాయి ముడులు వేసిన తాడు అందుకొని, కళ్లు మూసుకొని, నల్లదారం మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. "పిల్ల తాడుల పదున్నయి."

ఆ పెద్దాయన కూర్చున్న చోటు నాకు గుర్తొచ్చింది. జేబులోంచి పెన్ను తీసి, తొమ్మిదిని కొట్టివేసి, పక్కన పది వేశాను. భర్త గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఈసారి ఆమె అతన్ని ఏమీ అనలేదు.

పిల్లలు వెళ్లే రోజుకు ఐదో దర్రీ మగ్గం దిగింది. సంచులు గుమ్మం బయట పెట్టి ఆరుగురూ లోపలికి వచ్చి నిలబడ్డారు. వ్యాపారి పాలకుర్తి నుంచి పాత దర్రీ ఒకటి తెప్పించుకొని వచ్చాడు. రెండింటినీ పక్కపక్కన పరిచి, అంచుకు అంచు కలిపి, చివరి దాకా వేలితో తడుముకుంటూ వెళ్లాడు. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "తక్కిన మూడు ఎప్పుడిస్తవమ్మా?"

ఆమె ముందు మేకు వైపు చూసింది. తాడు అక్కడే ఉంది.

"నెల దాటనియ్య సేటు" అంది.