కామ్‌ముయ్ అత్త సెలవు

సముద్రాన్ని కాచే తిన్‌హౌ అమ్మవారి పుట్టినరోజున, జనం పడవలు దిగుతుండగా, నైవేద్యానికి నిలువునా కాల్చిన పంది ఒకటి రేవుమెట్ల మీద నుంచి జారి సముద్రంలో పడింది. కామ్‌ముయ్ అత్త నడుములోతు నీళ్లలోకి దిగి, దాన్ని చెవులు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చి, మంచినీళ్లతో కడిగి, అమ్మవారి ముందు పెట్టింది. "ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైంది, సర్దుకో" అని చెప్పింది. పంది నిక్షేపంగా ఉంది. అత్త మోకాళ్లే పోయాయి.

అత్త మా అఖాతం ఒడ్డు గుడిలో అమ్మవారి పడకగది చూసుకునే మనిషి. పొద్దున్నే మంచం మీది బొంత మడవాలి, పళ్లెంలో ముఖం కడుక్కునే నీళ్లు పెట్టాలి, అద్దం తుడవాలి. పడవలో పుట్టి, పడవలోనే కాపురం చేసి, మొగుడు పోయాక ఇక్కడికి చేరింది. చ్యుంగ్‌చౌ దీవిలో చెల్లెలు మెట్లు లేని ఇల్లు తీసుకుని రమ్మంటోంది. ఈ మోకాళ్లతో గుడిమెట్లు ఎక్కడం ఇక అత్తవల్ల కాదు. వెళ్లిపోవాల్సిందే.

అయితే కొత్త మనిషిని అమ్మవారు ఒప్పుకోవాలి. ఉన్న మనిషే అడగాలి. రెండు చంద్రవంక చెక్కలు నేలకేస్తే ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడాలి. అలా వరుసగా మూడుసార్లు. రెండూ వెల్లకిలా పడితే అమ్మ నవ్వేసి మాట దాటేసిందని, రెండూ బోర్లా పడితే వద్దందని లెక్క.

మొదట వచ్చిన వితంతువును అమ్మ వద్దంది. ఇంకొకామెను చూసి నవ్వింది. గుడి కమిటీ ఛైర్మన్ షెక్‌కి పడవల మరమ్మతు షెడ్డులో పని మానుకుని ప్రతిసారీ రావడం ప్రాణం మీదికొచ్చింది. ఈసారి తమ్ముడి కోడలు లాయ్‌కియును తెచ్చాడు. ఓపిక గల పిల్ల. నాలుగు రోజులుగా అత్త దగ్గరే ఉండి నేర్చుకుంటోంది, చేతికి పని తెలుసు.

అత్త మోకాళ్లూని కూర్చుంది. చెక్కలు వేసింది. అమ్మ ఒప్పుకుంది. మళ్లీ వేసింది. అమ్మ ఒప్పుకుంది. షెక్ అప్పుడే టపాకాయల కట్ట విప్పుతున్నాడు.

మూడోసారి చెక్కలు చేతిలో పట్టుకుని అత్త కళ్లు మూసుకుంది. "అమ్మా, పిల్ల మంచిదే. కాని పొద్దున్నే లేవదు. అద్దం మధ్యలో తుడిచి అంచులు వదిలేస్తుంది. నీ దువ్వెనతో తన జుట్టు దువ్వుకుంటుంటే నిన్న చూశాను. ఇక నీ ఇష్టం."

చెక్కలు రెండూ బోర్లా పడ్డాయి.

"ఒక్కసారే కదత్తా, గాలికి జుట్టు రేగిందని!" అంది లాయ్‌కియు, ఏడుపు గొంతుతో.

"ఒక్కసారే అని కూడా చెప్పాల్సింది, మర్చిపోయాను తల్లీ."

షెక్ టపాకాయలు నేలకేసి కొట్టాడు. "నీకసలు బుద్ధుందా అత్తా? మోకాళ్లు, మోకాళ్లని నువ్వే మొత్తుకుంటావు. తీరా ఒప్పుకునే వేళకి పితూరీల మూట నువ్వే విప్పుతావు! ఆ మూడు మాటలూ కడుపులో దాచుకుంటే నీ సొమ్మేం పోయేది?"

అత్త గోడ పట్టుకుని, మూలుగుతూ లేచింది.

"సముద్రపు తల్లితో అబద్ధమాడి, చ్యుంగ్‌చౌకి పడవెక్కేది నువ్వా నేనా, ఒరే ఛైర్మనూ?"