ఓడినవాళ్ల వరుసలో మొదటి పేరు

కెనడాలో మా సార్నియా నుంచి టొరంటో వైపు రోజుకు ఒకటే ట్రైను. ఉదయం ఎనిమిదీ నలభైకి అది వెళ్లిపోతే ఆ రోజుకు ప్రయాణం లేనట్టే. వెళ్లదలచినవాళ్లు ముందురోజే టాక్సీ మాట్లాడుకోండి. మా ఊరి బస్సుల్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

ఆ సోమవారం నేను కాలేజీ ఎగ్గొట్టి ట్రైనెక్కింది నా రూమ్మేటు క్వామే కోసం. ఘనా వాడు. టెన్నిస్ వాడి వృత్తి. లోమే, అబూజా, డకార్ లాంటి ఆఫ్రికా ఊళ్లలో ఏళ్లపాటు చిన్న టోర్నమెంట్లు ఆడి, ప్రపంచ ర్యాంకుల్లో అట్టడుగున చోటు సంపాదించి, మోకాలి ఆపరేషన్‌తో పోగొట్టుకున్నాడు. తర్వాత మాలాగే స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఓ క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మిస్సిసాగా టోర్నమెంటులో క్వాలిఫయింగ్ అనే అర్హత మ్యాచ్ దాటి, మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఒక్క మ్యాచ్ గెలిస్తే ర్యాంకు తిరిగొస్తుంది. "ఈసారి కూడా కాకపోతే ఆట మానేస్తా" అన్నాడు గిన్నెలు కడుగుతూ. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే వెంట బయల్దేరాను.

దారిలో లండన్‌లో, ఇంగ్లండుది కాదు, ఇక్కడిదే, హుజూరాబాద్ అమ్మాయి ఒకామె ఎక్కి ఎదురుగా కూర్చుంది. "అన్నా, సార్నియాల పార్ట్‌టైం దొరుకుతుందా? మా దిక్కు ఒక్క జాబ్‌కు వందమంది అప్లై చేస్తున్నరు" అంది. కారుంటే దొరుకుతుందన్నాను. క్వామే టెన్నిస్ ప్లేయరని చెబితే, "మరి టీవీల రాడేంది?" అంది. ఆ ముక్క నేను వాడికి అనువదించలేదు.

ఒంటిగంట ప్రాంతంలో బ్రాంప్టన్‌లో దిగి, రెండు బస్సులు మారి కోర్టులకు చేరాం. మూడున్నరకు అర్హత మ్యాచ్. మూడో సెట్టులో ఓడిపోయాడు.

అయితే టెన్నిస్‌లో ఓడినవాళ్లకూ ఒక వరుస ఉంటుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టి అక్కడే కూర్చోవాలి. మెయిన్ డ్రాలో ఎవరైనా గాయంతో తప్పుకుంటే ఆ చోటు వరుసలో మొదటివాడికి. మొదటి పేరు క్వామేది. దింపుడు కళ్లం ఆశ అంటే ఇదే.

రాత్రికి మా అమ్మ స్నేహితురాలు సరళ ఆంటీ ఇంట్లో దిగాం. గుంటూరు డాక్టరు, రిటైరయ్యారు. "ముందు అన్నం తినండి నాయనా. వర్రీ అవడానికి రేపంతా ఉందిగా" అన్నారు. క్వామే గోంగూర మారు వడ్డించుకున్నాడు.

మర్నాడు తొమ్మిదికల్లా సంతకం పెట్టి బెంచీ మీద కూర్చున్నాం. ఎవరికో ఒకరికి కాలు బెణకాలని నేను దేవుళ్లందరికీ మొక్కాను. మరీ ఎక్కువ కాదు, వారం రోజులకు సరిపడా. పదకొండింటికి మొక్కు ఫలించింది. మెయిన్ డ్రా మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసు చేస్తున్న ఓ కెనడా కుర్రాడు చీలమండ పట్టుకుని కూలబడ్డాడు. కట్టు కట్టే ఫిజియో వేరేవాళ్లతో ఉన్నాడు. కుర్రాడు కుంటుతూ మా బెంచీ దగ్గరికొచ్చి, క్వామే సంచీలో టేపు చూసి, "కాస్త కడతారా?" అని అడిగాడు. వరుసలో ఉన్నది ఎవరో పాపం వాడికి తెలియదు.

క్వామే ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కట్టాడు. కుర్రాడు ఏదో అన్నాడు. క్వామే కాసేపు చూసి, కట్టు మొత్తం విప్పి, మొదటినుంచి మళ్లీ కట్టాడు. కుర్రాడు రెండుసార్లు గెంతి చూసుకుని, కోర్టులోకి వెళ్లి గెలిచొచ్చాడు. ఇంకెవరూ తప్పుకోలేదు. మొదటి రౌండులో చివరి మ్యాచ్ మొదలయ్యాక ఇక వెళ్లొచ్చని మాకు చెప్పేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికాడి ముద్దను చేజేతులా పక్కవాడి నోట్లో పెట్టేవాణ్ణి అప్పుడే చూడటం. బ్రాంప్టన్‌లో సాయంత్రం ట్రైనెక్కి, గ్వెల్ఫ్ దాటేదాకా వాడితో మాట్లాడలేదు. ఆ ట్రైనులో వేడి భోజనం దొరకదు, ఏదైనా కట్టించుకుని ఎక్కండి. మాకు ఆంటీ పులిహోర ఉంది. డబ్బా చేతికిస్తూ, ఎందుకు కట్టావని అడిగాను.

"మొదట వదులుగానే కట్టాను. కావాలనే. రెండు గెంతులకే జారిపోయేది, మ్యాచ్ మొదలవకముందే తప్పుకునేవాడు."

"మరి ఎందుకు విప్పావు?"

"థాంక్యూ కోచ్ అన్నాడు. కోచ్ కట్టే కట్టు అలా ఉండకూడదుగా. అదే వాడు నన్ను ఆటగాడనుకుని ఉంటే విప్పేవాణ్ణి కాదు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. బాధగా లేదా అన్నాను.

"ఉంది. చాలా ఉంది" అన్నాడు. కాసేపు పులిహోర తిన్నాడు. "కట్టు మాత్రం బాగా కుదిరింది."