పండి వచ్చిన ఆవకాయ కాయలు

ఆవకాయ కోసం గుడివాడ నుంచి మా బావమరిది లారీలో వేసిన మామిడికాయలు ఈ రోజు చిక్కడపల్లి చేరాయి. ఆ లారీ మొన్ననే మా వీధి మీదుగా వెళ్లింది. కానీ మా బుట్టలు అడుగున, సికింద్రాబాద్ బస్తాలు పైన! అవన్నీ దించి వచ్చేసరికి కాయలు మెత్తగా పండిపోయాయి.

నారాయణగూడ లారీ ఆఫీసుకు వెళ్లి నిలదీశాను. గుమాస్తా "నన్నేం అడుగుతరు, డ్రైవర్‌ని అడుగుండ్రి" అన్నాడు.

డ్రైవర్ "లోడు నేను ఎక్కియ్యలే సార్. అయినా పచ్చివి ఇస్తే పండ్లు తెచ్చిన, ఇంకేం గావాలె?" అన్నాడు.

నిజమే. మాగబెట్టిన కూలి కూడా అడగలేదు మహానుభావుడు!

ఇంట్లో మా ఆవిడ కారం, ఆవపిండి కలిపి కూర్చుంది. జాడీలోకి కాయల బదులు ఏం వేయాలో మీరే చెప్పండి. నాకైతే ఆ ఇద్దరే తోస్తున్నారు.