అర్థమైందని తల ఊపింది

ఆ వీధిలో కుట్టుపనంటే అందరూ ఆవిడ ఇంటికే వస్తారు. భర్త పోయిన కొద్దిరోజులకే బడి యూనిఫారాల గిరాకీ మీద పడేసరికి, పదో తరగతి చదివే కూతుర్ని కూడా గుండీలు కుట్టడానికి కూర్చోబెట్టుకుంది. ఈ ఒక్క పూటకే అనుకుంటూ ఉండగానే పరీక్షలు ముంచుకొచ్చాయి. తెల్లారితే ఫిజిక్స్. పిల్లకు మిగిలింది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే.

టైము చాలనప్పుడు కూతురికి ఒక పద్ధతుంది. పుస్తకం మూసేసి, పాఠాన్ని సొంత మాటల్లో ఎదుటివాళ్లకు చెబుతుంది. వాళ్లకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ తనకూ రానట్టే. ఆ ముక్క మాత్రం మళ్లీ చదువుకుంటుంది. ఇదివరకు వినేది తండ్రి. మాటమాటకీ "ఎందుకు?" అని అడ్డం పడేవాడు. "దాన్ని ముందుకు పోనివ్వండి" అని ఆవిడే కసిరేది.

ఆదివారం ఆయన కూర్చునే స్టూలు మీద ఆవిడ కూర్చుంది. కరెంటు, అద్దాలు, కటకాలు అంటూ పిల్ల చెప్పుకుపోతోంది. ఆవిడ తలకు ఒక్క ముక్కా ఎక్కలేదు. తను తినేసిన టైము చాలదా, ఇప్పుడు ప్రశ్నలతో ఉన్నది కూడా తినాలా అనుకుని, అన్నిటికీ తల ఊపింది.

"నాన్నకంటే నువ్వే నయమమ్మా, గబగబా అయిపోయింది" అంటూ కూతురు పుస్తకం సంచీలో పెట్టేసుకుంది. ఆ మాట ఆవిడకు గోట్లో సూది దిగినట్టు దిగింది. అయినా లేచి కుట్టుమిషను ముందు కూర్చుంది.

మర్నాడు కూతురితో పరీక్షకు నడిచి వెళ్తుంటే ఇక ఉండబట్టలేక చెప్పేసింది.

"నిన్న నాకేమీ అర్థం కాలేదే. ఊరికే తల ఊపాను."

"ఆ మాట నిన్నే చెప్పొచ్చుగా?"

పిల్ల నడుస్తూనే కరెంటు పాఠం మళ్లీ ఎత్తుకుంది. ఇంట్లో బల్బులన్నీ శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయనీ, ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయనీ చెప్పింది.

"ఆగు. వంటింట్లో బల్బు పోయింది కదా. మరి మిషను దగ్గరది వెలుగుతోందేం?"

కూతురు ఠక్కున ఆగిపోయింది. "తారుమారు చేశానమ్మా. ఇంట్లో సమాంతరం, దేని దారి దానిదే. నిన్న కూడా ఇలాగే చెప్పానా?"

"ఇలాగే చెప్పావు."

అక్కణ్నుంచి ఆవిడ మాటమాటకీ ఆపి ఎందుకని అడిగింది. కరెంటు పాఠం పూర్తయ్యేసరికి బడి గేటు వచ్చేసింది. అద్దాలు, కటకాలు అలాగే ఉండిపోయాయి.

"ఎల్లుండి కెమిస్ట్రీ. అప్పుడైనా తల ఊపకు" అంది కూతురు.

ఆవిడ తల ఊపబోయి ఆపుకుంది. "ఊపను. గుండీలు కూడా నేనే కుట్టుకుంటాను."

గేటు మూశారు. ఇంటి దగ్గర కుట్టాల్సిన బట్టలు కుప్పగా ఉన్నా ఆవిడ వెనుదిరగలేదు. అద్దాల్లో పిల్ల ఏం తారుమారు చేసిందో తనకు తెలియదు. అయినా నిన్న వాటికీ తల ఊపింది. అద్దాల మీద ప్రశ్న రాకపోతే బాగుండునని గోడవార నిలబడిపోయింది.