ఖాలా తల ఊపింది

మెదడును మించి ఆత్మ అంటూ ఏదీ లేదని ఇరవై ఏళ్లుగా వేదికల మీద గొంతు చించుకుంటున్నాను. "పనిచేస్తున్న మెదడును మీరెప్పుడైనా చూశారా?" అని ఒక సభలో ఒకాయన అడిగాడు. చూడలేదు. చూడనిదాన్ని నమ్మమనడం నా పని కాదు గనక, మెదడు స్కానింగు పరిశోధనలో కొత్తవాళ్లకిచ్చే శిక్షణలో చేరాను. పాఠం చెప్పే మేడంతో సహా అందరూ నా కూతురి వయసువాళ్లే.

చివరి వారం ఒక్కొక్కరం ఒక మనిషిని ఒప్పించి తెచ్చి స్కాన్ చేయాలి. పాతబస్తీలో మా పక్కింటి పెద్దావిడను అడిగాను. ఖాలా అంటాను, ఉర్దూలో పిన్ని అని. లక్కగాజులు చేస్తుంది. వేళ్లు ఆడించే పరీక్షకు అంతకంటే మంచి వేళ్లెక్కడ దొరుకుతాయి? పాపం, దుకాణం మూసి మరీ వచ్చింది. మిషన్‌లో పెద్ద అయస్కాంతం ఉంటుంది కాబట్టి గాజులు, కమ్మలు అన్నీ తీయించాం.

"నా మనసుల మాటలు అండ్ల కనబడ్తయా తమ్మీ?"

"లేదు ఖాలా. వేళ్లు ఆడిస్తే మెదడుల ఏ జాగకు రక్తం ఎక్కువ పోతదో గదొక్కటే తెలుస్తది."

"అయితే ఖైర్, మంచిదే. కోడలి మీద అనుకునేటియి ఫోటోల వస్తే ఇంట్ల లొల్లి అయితది."

ఆమెను గొట్టంలోకి పంపి కిటికీ ఇవతల కూర్చున్నాను. కళ్లెదుట చెయ్యి బొమ్మ కనిపిస్తే వేళ్లు ఆడించాలి, పోతే ఆపాలి. తల మాత్రం కదలకూడదు. మిషన్ మోత మొదలైంది. నాకు ఆమె పాదాలే కనిపిస్తున్నాయి. ఉండబట్టలేక మైకు నొక్కి "ఖాలా, భయం ఫికర్ ఏం లేదు గదా?" అన్నాను. కాసేపాగి "మంచిగున్నవా?" అన్నాను. అలా ఐదుసార్లు.

మేడం తల కదలికల గ్రాఫు తెరిచింది. సాఫీగా పోవాల్సిన గీత ఐదుచోట్ల ఎగిరిపడింది.

"సార్, మీరు అడిగినప్పుడల్లా ఆవిడ తల ఊపారు. మనం ఫోన్లో మాట్లాడుతూ కూడా ఊపుతాం కదా! ఇది పనికిరాదు. ఇంకొక్కసారికే టైముంది. అదీ పోతే మీకు శిక్షణ పూర్తికానట్టే."

కుర్చీని మైకుకు దూరంగా జరుపుకున్నాను. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగలేనివాణ్ని, ఆరు నిమిషాలు నోరు మూసుకుని ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను. ఆమె చేతిలో రబ్బరు బంతి ఉంది. భయమైతే నొక్కుతుంది, ఇక్కడ గంట మోగుతుంది. మోగలేదు. గీత చదునుగా వచ్చింది.

బయటికొచ్చిన ఖాలా కోపంగా ఉంది. "ఏంది తమ్మీ, రెండోసారి ఒక్క మాట అడగలే? నన్ను ఇడిసిపెట్టి చాయ్‌కి పోయినవా?"

"అడిగితే నువ్వు తల ఊపుతున్నవ్ ఖాలా. ఫోటో ఖరాబైతది. అందుకే సప్పుడు చెయ్యలే."

"నువ్వా? సప్పుడు చెయ్యకుండనా?" అని పకపకా నవ్వింది. గాజులు ఒక్కొక్కటే తొడుక్కుంటూ అంది: "నాకేం భయం లేకుండె. నీ గొంతే వణుకుతుండె. ఫికర్ చెయ్యకని ఊపిన."

కాదని వాదించబోయి ఆగాను. నా గొంతును విన్నది ఆమె, నేను కాదు.