గొరాన్వీకి మిగిలిన ఇంగ్లీషు

నెస్టాకి కోపం రావడానికి అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. అంతకుముందు రాలేదని కాదు. గొర్రెలు కంచె దాటినప్పుడు వచ్చేది, చాపెల్‌లో ప్రార్థన అయ్యాక టీ తాగి కప్పులు కడక్కుండా జారుకున్నవాళ్ళ మీద వచ్చేది, మళ్ళీ పోయేది. దాన్ని చిరాకు అంటారు. అరికాల్లో పుట్టి నెత్తికెక్కే అసలు కోపం మాత్రం 1996 నవంబరులో, జిల్లా ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ సరిగ్గా మూతపడని ఒక చిన్న గదిలో వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోమని చెప్పే ధైర్యం మా లోయలో ఎవరికీ లేదు.

మా లోయలో ఒక పద్ధతి ఉంది. పదిమందిమి కూర్చుని మా వెల్ష్ భాషలో మేం మాట్లాడుకుంటూ ఉంటాం. ఇంగ్లీషు తప్ప ఇంకోటి రానివాడు ఒక్కడు తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. అంతే, పదిమందీ ఇంగ్లీషులోకి దిగిపోతారు. వాడు అడగడు, అడగాల్సిన అవసరమే రాదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు కూడా వాడి ఎదురుగా ఒకరినొకరు "నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో అడుగుతారు, ఏదో కొత్తగా పరిచయమైనట్టు. దీనికి మేం పెట్టుకున్న పేరు మర్యాద. మొహమాటానికి పోతే కడుపొచ్చిందన్న సామెత మాలాంటివాళ్ళని చూసే పుట్టి ఉంటుంది. ఇంత చేసినా, వేసవిలో వచ్చినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళి ఏమని చెప్పుకుంటారో తెలుసా? "మేం అడుగు పెట్టగానే మమ్మల్ని తిట్టుకోవడానికి భాష మార్చేశారు" అని!

ఆ పద్ధతిని నెస్టా పాటించినంత నిష్ఠగా ఇంకెవరూ పాటించలేదు. ఇరవై రెండో ఏట గొరాన్వీని చేసుకుని హవోద్ లాస్ అనే కొండ మీది ఇంటికి వచ్చింది. గొర్రెల మీద వచ్చేది అంతంతమాత్రం కాబట్టి మేడ మీద రెండు గదులు సర్ది వేసవి అతిథులకి అద్దెకిచ్చేది. పొద్దున్నే గుడ్లు, ఉప్పు పట్టించిన పంది మాంసం, వేడి వేడి రొట్టెలు, వాటితోపాటు నోరారా ఇంగ్లీషు వడ్డించేది. ఆ వంటగదిలోనే ఓ మూల కూర్చుని గొరాన్వీ కూడా తినేవాడు. ఒకరోజు మామూలుగా, వెల్ష్‌లో, "ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నాడు. బల్ల కింద నెస్టా కాలు ఆయన పిక్క మీద ఠపీమని తగిలింది.

"వాళ్ళ ముందు ఏమిటా మాటలు? వాళ్ళ గురించే ఏదో అనుకుంటున్నాం అనుకోరూ?" అని తరవాత పెరట్లో దులిపేసింది.

"ఉప్పు అడిగానే!"

"ఉప్పయినా సరే!"

గొరాన్వీ మంచివాడు. మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. ఆయనకి ఇంగ్లీషు అంత తేలిగ్గా నోటికొచ్చేది కాదు, అంచేత ఇంగ్లీషువాళ్ళ ముందు మౌనంగా ఉండడం అలవాటు చేసుకున్నాడు. "మీ ఆయన నోట్లో నాలుక లేనివారండీ" అని అతిథులు ముచ్చటపడేవారు. నాలుక లేదా? చాపెల్‌లో ఆయన ప్రార్థన మొదలెడితే పావుగంట! గొర్రెల పాకలో కూర్చుని కథ ఎత్తుకుంటే, వినేవాళ్ళు నవ్వలేక గోడ పట్టుకునేవాళ్ళు!

ఆయన నోట ఇంగ్లీషు ధారాళంగా వచ్చేది ఒక్క కుక్క దగ్గరే. గొర్రెల కుక్కతో మా వాళ్ళందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఎందుకో ఎవరికీ తెలీదు, తాతల నాటి నుంచీ అంతే. "లై డౌన్" అంటే పడుకోవాలి. "కమ్ బై" అంటే మందకి ఎడమ నుంచి చుట్టి రావాలి. "దట్ విల్ డూ" అంటే పనైపోయింది, బాగా చేశావు, వచ్చెయ్యి. "కుక్కకీ, నీ అతిథులకీ ఇంగ్లీషు" అని నెస్టాని ఉడికించేవాడు. "కుక్కయితే చెప్పిన మాట వింటుంది."

ఆ అక్టోబరులో, కంచె కర్రలు దిగ్గొడుతూ ఉండగా, ఆయన కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. రెండు వారాలకి మాట మెల్లిగా తిరిగొచ్చే సూచన కనిపించింది, కానీ వార్డులో ఆయన నోరు విప్పితే ఒట్టు. చుట్టూ ఐదు మంచాలు. పక్క మంచం మీద ఇంగ్లండు పెద్దమనిషి. నెస్టా రోజూ రెండు బస్సులు మారి వచ్చి, ఎండుద్రాక్ష రొట్టె మీద వెన్న రాసి నోటికి అందిస్తూ, "ఎలా ఉంది? నొప్పిగా ఉందా?" అని అడిగేది. ఏ భాషలో? ఇంగ్లీషులోనే! ఆ పక్క మంచం పెద్దమనిషి ఏమనుకుంటాడో అని! వెళ్ళే ముందు మాత్రం వంగి చెవిలో వెల్ష్‌లో ఒక మాట చెప్పేది, అప్పుడు ఆయన ఎడమచేత్తో ఆమె వేళ్ళు గట్టిగా నొక్కేవాడు.

ఈలోగా ఆసుపత్రివాళ్ళు తెలివితేటల పరీక్ష పెట్టారు. శ్రీమతి ప్రెంటిస్ అనే అధికారిణి ఫారం పట్టుకుని వచ్చింది. ఆవిడకి వెల్ష్ ఒక్క ముక్క రాదు. ఇది ఏ నెల, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత. గొరాన్వీ ఆవిడ మొహంలోకి మర్యాదగా చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫైకి మూడు మార్కులు వేసి వెళ్ళిపోయింది.

ఆ మూడు మార్కుల మీద ఆయన బతుకు ఆధారపడింది. ఇల్లా, సంరక్షణాలయమా? ఖాళీ ఉన్నది ఒక్కటే, ఇంగ్లండు సరిహద్దు పక్కన, బస్సులో మూడు గంటలు. తలుపులకి తాళాలు వేసి ఉంచే చోటు. అక్కడ ఒక్కరికీ వెల్ష్ రాదు. గొరాన్వీ అక్కడికి వెళితే, చచ్చేదాకా ఇంకొక మాట మాట్లాడడు. ఆ సంగతి నెస్టాకి తెలుసు.

వార్డు నర్సు హైల్వెన్ మా లోయ పిల్లే. ఆదివారం బడిలో నెస్టా దగ్గర అక్షరాలు దిద్దుకుంది. నడవాలో దాన్ని పట్టుకుని నెస్టా నిలదీసింది.

"ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయే, హైల్వెన్!"

"నాకు తెలీదా ఆంటీ? మొన్న ముఖం కడుగుతూ, నీళ్ళు చల్లగా ఉన్నాయా మావయ్యా అని మన మాటల్లో అడిగితే తల ఊపారు."

"మరి ఆ ముక్క కాగితం మీద రాసి తగలడవే!"

"రాశాను. అది పరీక్ష కాదన్నారు. వెల్ష్‌లో పరీక్ష చేసే ఆవిడ సెలవు మీద ఉంది. జనవరిలో గానీ రాదు."

"జనవరిదాకా ఆగలేరా?"

"మంచం కావాలట ఆంటీ" అంది హైల్వెన్, తల దించుకుని.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ వైద్యానికి పనికొచ్చేది ఆ పెరటి చెట్టొక్కటే. దాన్ని జనవరిదాకా సెలవు మీద పంపించారు!

చివరి సమావేశం ఒక మంగళవారం జరిగింది. చిన్న గది, ఐదుగురు మనుషులు. చక్రాల కుర్చీలో గొరాన్వీ, పక్కన నెస్టా, ఎదురుగా శ్రీమతి ప్రెంటిస్. ఒక పక్క హైల్వెన్, ఇంకో పక్క కౌన్సిల్ నుంచి వచ్చిన డైనియోల్ అనే కుర్రాడు. డైనియోల్ వాళ్ళ నాన్న గొరాన్వీతో కలిసి గొర్రెల సంతకి వెళ్ళేవాడు. నెస్టా లోపలికొస్తూనే "బాగున్నావా నాయనా" అని వెల్ష్‌లో పలకరించింది. "బాగున్నాను ఆంటీ" అన్నాడు వాడు. అంతలో ప్రెంటిస్ తలుపు తీసింది. ఇక ముగ్గురికి ముగ్గురూ ఇంగ్లీషే. గొరాన్వీ తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆయన జబ్బు పడకముందు ఇంగ్లీషు మాట్లాడేవారే కదా?" అంది ప్రెంటిస్.

"మాట్లాడేవారండీ" అంది నెస్టా. అని నాలుక కరుచుకుంది. ఏం మాట్లాడేవాడు, ఎంత మాట్లాడేవాడు అని చెప్పాలనుకుంది. మర్యాద అడ్డొచ్చింది.

"ఇంకొక ఇబ్బంది కూడా ఉంది" అని ప్రెంటిస్ ఫైలు తిరగేసింది. "సిబ్బందితో దురుసుగా ప్రవర్తిస్తున్నారు. పదకొండో తారీకు, మంచం దుప్పటి మారుస్తున్న అమ్మాయిని 'లై డౌన్' అన్నారు. పద్నాలుగో తారీకు, వ్యాయామం చేయించే అమ్మాయితో 'దట్ విల్ డూ' అని కసిరారు. ఇంట్లో కూడా మీతో ఇలాగే ఉంటే మీకు కష్టం కదా, అందుకే..."

నెస్టా తెల్లబోయింది.

"అవి కుక్క మాటలండీ" అంది.

"ఏమిటీ?"

"మా మోట్‌తో అనే మాటలు. మా కుక్కతో. ఆయనకి మిగిలిన ఇంగ్లీషు అదొక్కటే. 'దట్ విల్ డూ' అంటే కసరడం కాదు. బాగా చేశావు, ఇక చాలు తల్లీ అని. ఆ పిల్లకి థాంక్స్ చెప్పాడాయన!"

ప్రెంటిస్ మొహంలో జాలి కనిపించింది. కలం తీసుకుంది. "అంటే, నర్సుల్ని కుక్కలనుకుంటున్నారన్నమాట" అని రాసుకోవడం మొదలెట్టింది.

అప్పుడు వచ్చింది కోపం.

నెస్టా కుర్చీ వెనక్కి తోసి లేచింది. నలభై ఆరేళ్ళు కాపురం చేసినదానికి, ఇంగ్లీషు మనిషి ఎదురుగా ఉండగా మొట్టమొదటిసారి బాహాటంగా వెల్ష్ నోటికొచ్చింది, అదీ గోడలు అదిరేట్టు.

"ఒసే హైల్వెన్, ఈ గదిలో ఎంతమందిమే?"

"ఆంటీ..."

"లెక్కపెట్టి చెప్పవే! నీకు అంకెలు నేర్పింది నేనేగా!"

"ఐదుగురం."

"అందులో వెల్ష్ రానిది ఎవరు?"

హైల్వెన్ ప్రెంటిస్ కేసి దొంగచూపు చూసింది.

"నువ్వు చెప్పరా డైనియోల్! నీకూ నోరు పడిపోయిందా? ఒక్క మనిషికి రాదని నలుగురం నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నాం! అందులో ఒకడి బతుకు పోతోంది, అయినా కూర్చున్నాం! సిగ్గులేకపోతే సరి! మీకే కాదురా, నాకూ లేదు!"

"దయచేసి ఇంగ్లీషులో మాట్లాడతారా? అందరికీ అర్థం కావాలి కదా" అంది ప్రెంటిస్.

నెస్టా ఆవిడకేసి తిరిగి, ఇంగ్లీషులోనే, ఒక్కొక్క మాటా ఒత్తి పలుకుతూ అంది: "అందరికీ అర్థమవుతోందమ్మా. మీ ఒక్కరికే కావడం లేదు."

తరవాత మొగుడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ మోకాళ్ళ నొప్పితో ఎలా కూర్చుందో దేవుడికెరుక. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని వెల్ష్‌లో బతిమాలింది.

"గొరాన్వీ, నా బంగారం, ఒక్క మాట మాట్లాడు. వీళ్ళు నిన్ను పంపించేస్తామంటున్నారు. నీకు అర్థమవుతోందని వీళ్ళకి తెలియాలి. ఏదో ఒకటి అను."

గొరాన్వీ ఆమెకేసి చూశాడు. మెల్లిగా తల తిప్పి ప్రెంటిస్ కేసి చూశాడు. పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది, కానీ శుభ్రమైన వెల్ష్‌లో వచ్చింది.

"ఆవిడకి... మన మాట... వచ్చా?"

"రాదు."

"మరి... ఆవిడ ముందు... తప్పు కదూ?"

హైల్వెన్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. డైనియోల్ కిటికీకేసి తిరిగిపోయాడు. నెస్టాకి అప్పుడు గుర్తొచ్చింది వంటగది బల్ల, ఉప్పు, తన కాలి దెబ్బ. ఐదు వారాలుగా వార్డులో ఆయన వెల్ష్‌లో నోరు విప్పకపోవడానికి కారణం జబ్బొక్కటే కాదు. ఆమె నేర్పిన పాఠాన్ని చెయ్యి పడిపోయినా, తలలో సగం మాటలు చెరిగిపోయినా మర్చిపోలేదు ఆ మహానుభావుడు.

"ఏమన్నారు?" అని అడిగింది ప్రెంటిస్.

"చెప్పవే" అంది నెస్టా హైల్వెన్‌తో. "ఉన్నదున్నట్టు చెప్పు."

హైల్వెన్ కళ్ళు తుడుచుకుని ఇంగ్లీషులో చెప్పింది. ప్రెంటిస్ మొహం ముందు ఎర్రబడింది, తరవాత పాలిపోయింది. రాసిన కాగితం చించి మడిచి జేబులో పెట్టుకుంది. ఆవిడ చెడ్డది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. చెడ్డదైతే మా పని తేలికయ్యేది.

"నేను బయట ఉంటాను" అని లేచింది. "మీరు అడగండి. ఆయన ఏం చెబితే అది రాయండి."

తలుపు మూసుకుంది. హైల్వెన్ ఫారం తీసుకుని వెల్ష్‌లో అడగడం మొదలెట్టింది.

"ఇది ఏ నెల మావయ్యా?"

"నవంబరు" అన్నాడు గొరాన్వీ. కాస్త ఆగి నెస్టాకేసి చూసి, "ఈ నెలేగా... పొట్టేళ్ళని మందలోకి వదిలేది... వదిలారా? లేక దానికీ... నేనే రావాలా?" అన్నాడు.

ముప్ఫైకి ఇరవై నాలుగొచ్చాయి. తీసివేతల్లో పోయాయి. ఆయనకి చిన్నప్పుడూ తీసివేతలు రావు.

డిసెంబరు మొదటి వారంలో ఇంటికొచ్చాడు. మంచం కిందికి దింపి, వంటగది పక్క గదిలో వేశారు. వచ్చిన నాలుగో రోజు కింది మలుపులో ఉండే ఇంగ్లండు పొరుగావిడ కేకు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. నెస్టా అప్పుడు మొగుడికి టీ తాగిస్తూ, సంతలో గొర్రెల ధరలు పడిపోయిన సంగతి వెల్ష్‌లో చెబుతోంది. తలుపు తెరుచుకుంది. నెస్టా వచ్చినావిడకేసి చూసి నవ్వి, కుర్చీ చూపించి, మొదలెట్టిన మాట వెల్ష్‌లోనే కొనసాగించింది.

గొరాన్వీ పాపం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. అతిథి కేసి చూశాడు, పెళ్ళాం కేసి చూశాడు. మర్యాద దక్కించాలని, తనకి మిగిలిన ఇంగ్లీషంతా కూడదీసుకుని నెస్టాతో అన్నాడు.

"దట్ విల్ డూ."

పొయ్యి పక్కన పడుకున్న మోట్ చటుక్కున లేచి, తోకాడిస్తూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. నెస్టా మాత్రం ఆగలేదు.