ఓబుళరెడ్డి ఎంచుకున్న దేవుడు

బనగానపల్లె పక్కన మా ఊళ్లో ఓబుళరెడ్డిని పెద్దమనిషి అంటారు. ఎందుకంటారో నాకు తల నెరిసినా అర్థం కాలేదు. పక్కవాడి గట్టు జరిపాడు, తండ్రి తద్దినానికి వచ్చిన చుట్టాలకు నీళ్ల మజ్జిగ పోశాడు. ఆఖరికి చెల్లెలు సుంకమ్మకు ఆ తండ్రి నోటిమాటగా ఇచ్చిన మామిడితోటను కూడా మింగి కూర్చున్నాడు. మొగుడు పోయిన సుంకమ్మకు ఆ తోట తప్ప వేరే ఆధారం లేదు.

పంచాయితీ మా ఊళ్లో తగవులు తీర్చే నరసన్న దగ్గరికి వచ్చింది. కాగితాలు లేవు గనుక పాత పద్ధతే మిగిలింది. గుడిలో వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, తోట తనదేనని ఓబుళరెడ్డి ప్రమాణం చేస్తే అది అతనిదే. ఏ గుడో తేల్చడానికే నానా తంటాలు. అహోబిలమంటే ఓబుళరెడ్డికి జ్వరమొచ్చింది, యాగంటి అంటే నడుము పట్టేసింది. చివరికి తనే ఫోన్లో వెతికి, రాజంపేట అవతల బుద్ధుడి గుడి ఉందన్నాడు. ఏ దేవుడైనా దేవుడేనట!

అందరం ఒకే జీపులో పోయాం. ఎర్రచందనం అమ్మి రంగూన్ చూసొచ్చిన వర్తకుడెవరో తెల్లదొరల కాలంలో ఆ గుడి కట్టించాడట. చర్చికున్నట్టు రంగుటద్దాల కిటికీలు, కలెక్టరు బంగళాకున్నట్టు లావు స్తంభాలు, లోపల తెల్లని బుద్ధుడు. నాకు ముచ్చటేసింది. ఓబుళరెడ్డి మాత్రం విగ్రహం చేతులే చూశాడు.

"శూలం లేదు, కత్తి లేదు" అని గొణిగాడు.

నరసన్న పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. సుంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఓబుళరెడ్డి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, గుడి చూసుకునే ముసలి భిక్షువు వైపు తిరిగాడు.

"సామీ, ఈయప్ప ఎవర్నన్నా శిక్షిస్తాడా?"

"లేదప్పా."

"కండ్లు పోవడం, రక్తం కక్కడం..."

"అట్లాంటివి ఈడ లేవు."

మా పెద్దమనిషి మొహం వెలిగిపోయింది. మళ్లీ చెయ్యి చాచాడు. నరసన్న పళ్లెం పక్కకు లాగేశాడు.

"ఏమప్పా, ఆర్పనీవా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండాది నీ కత. నిజం చెప్పేటోనికి ఆ బయం ఏల? తోట నీ చెల్లెలిదే. పోదాం పాండి."

సుంకమ్మ అన్నకు ఎదురుగా నిలబడింది.

"ఇంత దూరం ఏలొస్తివన్నా? నా తల మీద చెయ్యి పెట్టి నీదేనని అనింటే, అబద్ధమని తెల్సీ ఇడిసిపెడతాంటి గదా."

ఓబుళరెడ్డి ఒక్క క్షణం ఆలోచించి, నిజంగానే ఆమె తల మీదికి చెయ్యి చాచాడు.

సుంకమ్మ తల పక్కకు తీసుకుంది.